నీళ్లగది కన్ను

వేడి రేకు మీద వరసగా పేర్చిన వాచీలలో చివరిదాని అద్దం మీద నూమా జాకో చన్నీళ్ల బొట్టు పెట్టాడు. బొట్టు పెట్టడానికి ఆయన దగ్గర ఒక గాజుపుల్ల ఉంది. దాన్ని గిన్నెలో ముంచి, చెయ్యి వణక్కుండా అద్దం నడిమధ్య ఒక్క చుక్క వదిలి, ఊపిరి బిగబట్టి కూచున్నాడు. వాచీ లోపల ఏ మూలైనా ఇంత తేమ ఉంటే చాలు, పైన చల్లటి బొట్టు పడేసరికి అది అద్దం అడుగున ఆవిరిలా పట్టేస్తుంది. కాసేపాగి బొట్టు తుడిచి, కన్ను దగ్గర పెట్టి చూడాలి. ఆవిరి పట్టిందా, నీళ్లు లోపలికి వెళ్లినట్టే. పట్టలేదా, "పొడి" అని పైకి అనాలి. అలా పైకి అంటేనే ఆ వాచీ గది దాటి బయటికి పోతుంది.

నూమా బొట్టు తుడిచి చూశాడు. ఆవిరి. వాచీని కిటికీ వైపు వాల్చి చూశాడు. ఆవిరే. దీపం కిందికి తెచ్చి, భూతద్దం కంటికి బిగించి మళ్లీ చూశాడు. ఆవిరే. ఆ ఆవిరి వాచీలో లేదని, తన కంట్లో ఉందని ఆయనకు నిరుటి నుంచీ తెలుసు. తెలిసి ఏం లాభం? నిజంగా ఆవిరి పట్టిన అద్దం కూడా అలాగే కనిపిస్తుంది కదా. ఆయన నిట్టూర్చి ఆ వాచీని తప్పుల పళ్లెంలో వేశాడు.

పొట్టి మనిషి. ఏళ్ల తరబడి బల్ల మీదికి వంగి వంగి మెడ ముందుకు వాలిపోయింది. వేళ్లు నీళ్లలో నాని, రోజంతా బట్టలుతికినవాళ్ల వేళ్లలా ముడతలు పడి తెల్లగా ఉంటాయి. బూడిదరంగు కోటు, దాని జేబులో మెత్తటి తోలుముక్క. కుడికన్ను పాలు పోసినట్టు మసకబారింది. ఎడమకన్ను ఇప్పుడిప్పుడే ఆ దారి పడుతోంది. డాక్టరు దగ్గరికి వెళ్లడానికి లేదు. మా ఊళ్లో ఉన్న ఒక్క డాక్టరూ ఫ్యాక్టరీ డాక్టరే. పొద్దున ఆయనకు చూపించుకుంటే మధ్యాహ్నానికి ఫోర్మన్ చెవిన పడుతుంది.

అందుకని నూమా ఒక నియమం పెట్టుకున్నాడు. బాగా వెలుతురున్నప్పుడు, ఎడమకంటితో స్పష్టంగా చూడగలిగినదాన్నే పొడి అంటాడు. కాస్త అనుమానం వచ్చినా తప్పుల పళ్లెంలో వేస్తాడు. ఈ వాచీ కట్టుకుని సముద్రం అడుగుకి దిగేవాడు ఒకడుంటాడు. గాలి ఎంతసేపటికి సరిపోతుందో, ఎప్పుడు పైకి రావాలో వాడికి చెప్పేది ఈ ముళ్లే. మంచి వాచీలు పది వెనక్కి పోయినా ఫరవాలేదు, చెడ్డది ఒక్కటి బయటికి పోకూడదు. ఆ మాట మీద ఆయన ఎవరితోనైనా దెబ్బలాడతాడు. నీళ్లగది కన్ను అని ఊరికే పేరు రాలేదు మరి.

ఆ వాచీ కూడా అలాంటిదే లెండి. నల్లటి డయల్, వేలి లావు అద్దం, చుట్టూ తిప్పే కట్టు, స్క్రూలా తిప్పి బిగించే కీ. చెయ్యి ఆడుతున్నంతసేపూ దానంతటదే కీ ఎక్కుతుంది. ఎండలో పెట్టినా మంచులో పెట్టినా, బోర్లా వేసినా నిలబెట్టినా నడకలో తేడా రాదు. రోజుకి నాలుగు సెకన్లు తప్పిందంటే నడక సర్దేవాళ్లు అన్నం మానేస్తారు. నూమా పనిచేసే నీళ్లగదిలో ఒక ఉక్కుకుండ ఉంది. వాచీలను నీళ్లతో సహా అందులో పెట్టి మూతబిగించి ఒత్తిడి ఎక్కిస్తారు. ఆ ఒత్తిడిలో మనిషిని పెడితే పచ్చడైపోతాడు. కొనడానికి వచ్చిన పెద్దమనుషులకి ఈ కుండ చూపించి ఫోర్మన్ మతీల్ ఎప్పుడూ ఒకటే మాట అంటాడు: "కట్టుకున్నవాడు చచ్చినా ఇది చావదండీ!" అందరూ నవ్వుతారు. నూమా కూడా ప్రతిసారీ నవ్వేవాడు.

గోడలో ఉన్న చిన్న కిటికీ తలుపు తీసి ఆయన తప్పుల పళ్లెం అవతలికి తోశాడు. అవతల ఎద్మే గినాన్ కూచుంటుంది. వాచీ వెనకమూత కింద నల్లటి రబ్బరు రింగు పెట్టి బిగించడం ఆమె పని. మొగుడు పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని ఆ రబ్బరు రింగుల మీదే పెంచుకొస్తోంది. ఒకసారి మూసినదానికే కూలి. వెనక్కి వచ్చినదాన్ని విప్పి మళ్లీ మూస్తే పైసా రాదు.

"మళ్లీ ఇన్నా?" అంది ఎద్మే.

"అనుమానంగా ఉన్నాయమ్మా."

"మీకు అనుమానం, నాకు చాకిరీ. విప్పి చూస్తే ఒక్కదాంట్లో చుక్క ఉండదు నూమా గారూ! ఎండుటాకుల్లా ఉంటాయి. అసలు చూస్తున్నారా, కళ్లు మూసుకుని చెబుతున్నారా?"

నూమా కిటికీ తలుపు వేసేసి కాసేపు దాన్ని ఆనుకుని నిలబడ్డాడు. ఈ ఒక్కరోజు గడిస్తే చాలు. ఇవాళే ఆయనకు కొలువులో ఆఖరి రోజు.

సాయంత్రం సైరన్ మోగాక అందరూ నీళ్లగదిలో చేరతారు. తెల్ల వైన్ తెస్తారు. కొలువు మచ్చ లేకుండా ముగించినవాడికి ఫ్యాక్టరీవాళ్లు వాచీ ఇస్తారు, వెనక పేరు చెక్కించి. బజార్లో ఎవడైనా కొనుక్కోవచ్చు. పేరు చెక్కినది మాత్రం కొనేది కాదు. నూమా చేతికి జన్మలో వాచీ పెట్టలేదు. ఎవరైనా అడిగితే, "నీళ్లలో చేతులు పెట్టేవాడికి వాచీ ఏంటి?" అని కొట్టిపారేసేవాడు. అసలు సంగతి, ఆయనకు అదొక్కటే కావాలి. పందొమ్మిది వందల ముప్పైల్లో గిరాకీ పడిపోయి ఫ్యాక్టరీ సగం మూతపడినప్పుడు తండ్రిని ఉత్తచేతులతో పంపేశారు. ఆ అవమానం జాకో ఇంట్లో ఇంకా ఆరలేదు.

అంతవరకూ బాగానే ఉంది. కానీ మా దగ్గర ఒక ఆచారం ఉంది. వెళ్లిపోయేవాడు తన వాచీని తనే పరీక్షించుకోవాలి. వేడి రేకు మీద పెట్టి, బొట్టు వేసి, తుడిచి, చూసి, అందరికీ వినపడేలా "పొడి" అనాలి. అప్పుడే గ్లాసులు ఎత్తుతారు. అప్పటిదాకా ఎవరూ గుక్క తాగరు. ఆ నిమిషం గురించే నూమాకి వారం నుంచి నిద్ర పట్టడం లేదు. దీపపు వెలుతురులో, అంతమంది ముందు, ఆయనకు కనిపించేది ఆవిరే. తప్పు అంటే తనకిచ్చిన వాచీని తనే కాలదన్నుకున్నట్టు. ఎవడైనా దాన్ని అందుకుని చూస్తే అది పొడిగా ఉంటుంది, తన కళ్ల సంగతి అక్కడికక్కడే బయటపడుతుంది. పొడి అంటే, చూడకుండా అన్నట్టు. అలా ఆయన ఇంతవరకూ ఒక్కసారి కూడా అనలేదు.

మధ్యాహ్నం భోజనాల గదిలో నూమా రొట్టె, పంది సాసేజీ ముందు పెట్టుకుని ఎద్మే ఎదురుగా కూచున్నాడు. పక్కన సానపట్టే రీనో, ఇటలీ నుంచి వచ్చినవాడు, నోరు మూతపడని మనిషి, చీజు ముక్క కోస్తూ వాగుతున్నాడు.

"పొద్దుటినించి వెచ్చటి గాలి కొడుతోంది, చూశారా? వాగు కలిసే చోట మంచు కరిగిపోతోందంట. పంచాయతీవాళ్లు వచ్చి ఫిర్ కొమ్మలన్నీ పీకి కుడిపక్కకి పాతారు. ఇవాళ అడ్డదారిన పోయేవాళ్లు చూసి పోండి బాబూ! తాతా, నీకే చెప్పేది. మునిగితే నీ ఉక్కుకుండలో పెట్టి ఆరబెడతాం."

అందరూ నవ్వారు. మా ఊరి దగ్గర దూ నది వెడల్పయి సరస్సులా నిలుస్తుంది. చలికాలం గడ్డకడితే దాని మీద నుంచే అవతలి పేటకి నడిచిపోతాం. దారి తెలియడానికి మంచులో ఫిర్ చెట్ల కొమ్మలు పాతుతారు. నూమా తల ఊపాడు గానీ ఆ మాటలు ఆయన చెవిలోకి వెళ్లలేదు. ఆయన మనసంతా ఇంకోచోట ఉంది.

"ఎద్మే, ఒక్కమాట," అన్నాడు గొంతు తగ్గించి. "నాకిచ్చే వాచీ... ఎవరు మూశారమ్మా?"

ఎద్మే నమలడం ఆపి ఆయన మొహంలోకి చూసింది. "నేనే. ఏం?"

"ఏం లేదు. నువ్వే మూశావా?"

"నా చేత్తో నేనే మూశాను. కొత్త రింగు వేసి మరీ. చాలా?"

"చాలు తల్లీ, చాలు."

ఎద్మే మూసినదాంట్లోకి నీళ్లు పోవు. ఆ సంగతి ఫ్యాక్టరీలో ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కళ్లు బాగున్న రోజుల్లో ఆమె మూసిన వాచీ ఒక్కటి ఆవిరి పట్టగా ఆయన చూడలేదు. మరింకేం? కంటితో చూడకపోతేనేం, మనిషిని చూసి పొడి అంటాడు. వారం నుంచీ ఛాతీ మీద కూచున్న బండ దిగిపోయినట్టయింది. రొట్టె మొత్తం తిని, రీనో దగ్గర చీజు ముక్క కూడా అడిగి తిన్నాడు.

మధ్యాహ్నం పనిలో ఆయన చెయ్యి చురుగ్గా ఆడింది. కుండ మూత బిగించాడు, దించాడు, తుడిచాడు. ఒకసారి గోడకిటికీ అవతల గుసగుసలు వినిపించాయి. ఫోర్మన్ గొంతు, మధ్యలో రీనో నవ్వు. నూమా పళ్లెం ఇవ్వడానికి తలుపు తీయగానే మాటలు ఆగిపోయాయి. ఎద్మే తల వంచుకుని ఏదో వాచీ వెనకమూత విప్పుతోంది.

"ఇంకెంతసేపు పెద్దాయనా, ఇవాళ్టితో స్వర్గమే," అన్నాడు మతీల్. నూమా కన్నా బాగా చిన్నవాడు, ఎప్పుడూ శుభ్రంగా గీసిన గడ్డం, మనిషి మీద లావెండర్ వాసన. "పెట్టెలు పెట్టెలు వెనక్కి కొట్టావు ఈ ఏడాది. రేపటినించి మాకు కాస్త ఊపిరాడుతుంది."

"అనుమానం ఉంటే..."

"తెలుసు తెలుసు. పది పోయినా ఫరవాలేదు, ఒకటి పోకూడదు. కంఠతా వచ్చేసింది నాకు."

నూమా సిగ్గుపడి నవ్వి తలుపు వేశాడు. సాయంత్రం తిరిగి వెళ్లే దారి గురించి ఆలోచించుకున్నాడు. ఈ చలికాలమంతా ఆయనా ఎద్మే కలిసే మంచు మీద నడిచి వెళుతున్నారు. ఇద్దరి ఇళ్లూ అవతలి పేటలోనే. ఎద్మే టార్చిలైటు పట్టుకుని ముందు నడుస్తుంది. ఆమె బూట్ల కిరకిర వింటూ ఆయన వెనక నడుస్తాడు. కొమ్మలు తనకి కనపడవని ఆమెకి తెలియదనుకున్నాడు పిచ్చి మానవుడు. దారిలో ఎన్నోసార్లు ఆమె ఊరికే ఆగి, "ఇదిగో, ఇటు" అనేది. అది మాటవరసకి అనుకునేవాడు. ఇవాళ దారిలో ఆమెకి వాచీ చూపించాలి. రేపటినుంచి తోడుండదు కదా, ఆదివారం పిల్లల్ని తీసుకుని సూప్ తాగడానికి రమ్మనాలి.

సైరన్ మోగింది. గది నిండిపోయింది. సానపట్టేవాళ్లు, ముళ్లు బిగించేవాళ్లు, ఆఫీసు నుంచి ఇద్దరు టైపిస్టులు, అందరూ గోడలకి ఆనుకుని నిలబడ్డారు. వైన్ గ్లాసులు పంచారు. మతీల్ రెండు మంచి మాటలు చెప్పాడు. నీళ్లగది కన్ను అన్నాడు, ఇలాంటి మనిషి మళ్లీ దొరకడన్నాడు. తరవాత ఒక వాచీ తెచ్చి వేడి రేకు మీద పెట్టాడు.

"ఆచారం ప్రకారం, పెద్దాయనా."

నూమా కోటు గుండీలు సర్దుకున్నాడు. గాజుపుల్ల ముంచి బొట్టు వదిలాడు. చెయ్యి వణకలేదు. కాసేపాగి జేబులోంచి తోలుముక్క తీసి, బొట్టు తుడిచి, వాచీని దీపం కిందికి తెచ్చి కంటి దగ్గర పెట్టుకున్నాడు. తెల్లగా, మసకగా ఉంది. ఎప్పుడూ ఉండేదే. తల ఎత్తి ఎద్మే ఉన్న వైపు తిరిగి, ఆయన గట్టిగా అన్నాడు.

"పొడి!"

ఎవరూ గ్లాసు ఎత్తలేదు. ముందు రీనో ముక్కులోంచి బుస్సున నవ్వాడు. తరవాత గది గదంతా పగలబడి నవ్వింది. టైపిస్టు ఒకామె నవ్వలేక గోడ పట్టుకుంది.

"పొడి అంట! ఓరి నాయనో! తాతా, అందులో చేపలు ఈదుతున్నాయి!" అన్నాడు రీనో.

మతీల్ వాచీ అందుకుని అందరికీ చూపించాడు. ఎవరూ దగ్గరికి రానక్కర్లేదు. తలుపు దగ్గర నిలబడ్డవాళ్లకి కూడా కనిపిస్తోంది. అద్దం అడుగున ఆవిరి కూడా కాదు, నీళ్లే నిలిచి ఉన్నాయి. ముళ్లు సగం మునిగి ఆగిపోయి ఉన్నాయి. మధ్యాహ్నం ఎద్మే విప్పింది ఆ వాచీయే. రింగు తీసేసి, చెంచాతో నీళ్లు పోసి మూసింది. పనికిరాని పాత వాచీ. పొయ్యమన్నది మతీల్. ఏడాదిగా ఊరికే విప్పి మూసిన కడుపుమంటతో ఆమె కాదనలేదు.

నూమా చేతులు గాలిలోనే ఉండిపోయాయి. నవ్వు ఎటునుంచి వస్తోందో అటు తిరుగుతున్నాడు, పెదాల మీద తన నవ్వు కూడా ఇంకా అలాగే ఉంది. ఎందుకు నవ్వుతున్నారో అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక మొహం సున్నం కొట్టినట్టయింది.

"ఎద్మే... నువ్వే మూశానన్నావు గదమ్మా," అన్నాడు.

ఎద్మే గ్లాసులోకి చూస్తూ ఉండిపోయింది.

"ఇన్నాళ్లూ ఇలాగే చూశావా పెద్దాయనా?" అన్నాడు మతీల్, నవ్వు తుడుచుకుంటూ. ఈసారి గొంతులో వేళాకోళం కొంచెం తగ్గింది. "నువ్వు పొడి అన్నవన్నీ ఇలాంటివేనా?"

"లేదు. ఒట్టు. కనపడందే నేను ఎప్పుడూ అనలేదు. ఇదొక్కటే... ఇదొక్కటే అన్నాను."

"సర్లే, ఎవడు నమ్ముతాడు గానీ, సోమవారం ఇంకా అమ్మకానికి పోకుండా బీరువాలో ఉన్నవన్నీ మళ్లీ కుండలో పెట్టిస్తాను. పోనీ, మనసులో పెట్టుకోకు, నవ్వుకోడానికి చేశాం." జేబులోంచి చిన్న పెట్టె తీసి ఆయన చేతిలో పెట్టాడు. "ఇదిగో అసలుది. పేరు కూడా చెక్కించాం. దీన్ని పరీక్షించక్కర్లేదులే!"

మళ్లీ నవ్వు. ఇప్పుడు గ్లాసులు లేచాయి. నూమా పెట్టె మూత తీశాడు. వాచీ తీసి వెనక బొటనవేలితో తడిమాడు. అక్షరాలు తగిలాయి. ఎడమచేతికి పెట్టుకుని, బెల్టు బిగించుకున్నాడు. తోలుముక్కని మడిచి బల్ల మీద, గాజుపుల్ల పక్కన పెట్టాడు. టోపీ తీసుకున్నాడు. ఎవరో ఆయన గ్లాసు అందించబోయారు. ఆయనకి అది కనపడలేదు.

తలుపు దగ్గర ఎద్మే అడుగు ముందుకు వేసింది. "ఆగండి నూమా గారూ, నేనూ వస్తున్నా, టార్చి తెచ్చుకుంటా..."

"అక్కర్లేదు. నువ్వు తాగు," అన్నాడాయన.

రీనో ఆమె గ్లాసు మళ్లీ నింపాడు. వైన్ బాగుంది. సీసా అయిపోయేదాకా ఉందామన్నారు, ఎద్మే ఉండిపోయింది.

బయట చీకటి పడబోతోంది. గాలి వెచ్చగా ఉంది, తడిమంచు రాలుతోంది. మెట్లు దిగి, పడవల రేవు పక్కనుంచి నూమా మంచు మీదికి నడిచాడు. అది కాళ్లకు తెలిసిన దారి. రేవు నుంచి నేరుగా, వాగు చప్పుడు ఎడమచేతి పక్క వినపడేలా నడవాలి. ఆ సాయంత్రం వాగు చప్పుడు ఎక్కువగానే ఉంది. కుడిపక్కన దూరంగా కొత్తగా పాతిన కొమ్మలు నల్లగా వరసగా ఉన్నాయి. ఆయన నేరుగా వెళ్లాడు. చప్పుడేమైనా అయిందో లేదో, ఫ్యాక్టరీలో పాట మొదలుపెట్టారు, ఎవరికీ వినపడలేదు.

ఎద్మే ఇంటికి వెళ్లేసరికి ఆయన కిటికీలో దీపం లేదు. అలిగి పడుకున్నాడనుకుంది. పొద్దున్నే వెళ్లి తలుపు కొడదామనుకుంది, పిల్లదానికి జ్వరం వచ్చి వెళ్లలేదు. సోమవారం ఆయన పనిలోకి రాలేదని ఎవరూ అనుకోలేదు, రావలసిన పని లేదు కదా. మతీల్ బీరువాలో ఉన్న వాచీలన్నిటినీ కుండలో పెట్టించాడు. వేడి రేకు మీద వరస తరవాత వరస చూశారు. ఒక్కటి ఆవిరి పట్టలేదు. ఆ సంగతి చెబుదామని ఎద్మే సాయంత్రం ఆయన గుమ్మం దగ్గరికి వెళ్లింది. గుమ్మంలో పాలవాడు పెట్టిన సీసాలు పెట్టినట్టే ఉన్నాయి, మళ్లీ బిగిసిన చలికి పాలు గడ్డకట్టి మూతలు పైకి లేచి ఉన్నాయి.

మంచు కరిగాక, ఏప్రిల్లో, కింద కరెంటు డ్యాము చువ్వల దగ్గర నూమా దొరికాడు. ఆయన్ని చూసిన పోలీసు, రెండు రోజులు అన్నం తినలేకపోయానని చెప్పాడు. బెల్టు మాత్రం చెక్కుచెదరలేదు. వాచీ వెనక ఫ్యాక్టరీ గుర్తూ పేరూ ఉన్నాయి గనక, నా అన్నవాళ్లు ఎవరూ లేరు గనక, పోలీసు దాన్ని తెచ్చి ఫ్యాక్టరీలో ఇచ్చాడు. మతీల్ అలవాటు కొద్దీ దాన్ని చేతిలో అటూ ఇటూ ఊపాడు. సెకన్ల ముల్లు కదిలి, ఏమీ జరగనట్టు నడక మొదలెట్టింది.

"నువ్వు చూడు," అని ఎద్మేకి ఇచ్చాడు. నూమా వెళ్లాక నీళ్లగది ఆమెకే అప్పగించారు.

వేడి రేకు మీద పెట్టింది. గాజుపుల్లతో బొట్టు వదిలింది. తోలుముక్కతో తుడిచి దీపం కింద పెట్టి చూసింది. అద్దం నీటిబొట్టంత స్వచ్ఛంగా ఉంది.

"పొడి," అంది.

సర్దేవాళ్లు దాన్ని తీసుకెళ్లి నడక చూశారు. రోజుకి రెండు సెకన్లు తేడా. డైరెక్టర్ గారు స్వయంగా కిందికి వచ్చి చూసి మతీల్ భుజం తట్టారు. వేసవిలో కొనుగోలుదార్లు వచ్చేసరికి వీధివైపు అద్దాల అరలో నీలం మఖమలు పరిచి ఆ వాచీని పెట్టారు. పక్కన అందంగా రాయించిన అట్టముక్క: చలికాలమంతా గడ్డకట్టిన నది అడుగున ఉన్నది, చుక్క నీరు చొరలేదు. ఎవరి చేతికి ఉందో అందులో రాయలేదు. కొనేవాళ్లకి అది బాగుండదన్నారు.

కదపకపోతే ఆగిపోతుంది కాబట్టి రోజూ పొద్దున్నే ఎద్మే అర తాళం తీసి, దాన్ని చేతిలోకి తీసుకుని, కాసేపు ఊపి మళ్లీ పెట్టాలి. అది ఆమె పనిలో ఒక భాగం. దారిన పోయేవాళ్లు ఆగి, తమ వాచీల్లో టైము దాన్ని చూసి సరిచేసుకుని పోతుంటారు. డయల్ వాళ్లవైపు ఉంటుంది, నూమా జాకో అని చెక్కిన వైపు మఖమలుకి ఆని ఉంటుంది.